ఆపరేషన్‌కి ముందు నా పాదాలు కప్పినావిడ

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇదే సంగతి ఇంకెవరైనా నాకు చెప్పి ఉంటే మర్యాదకి తలూపి, వాళ్ళు వెళ్ళాక మావారితో నవ్వుకుని ఉండేదాన్ని.

పెళ్ళయిన కొత్తల్లో తాడేపల్లిగూడెంలో మేం అద్దెకి దిగిన ఇంట్లో అంతకు ముందు ఎవరూ నిలవలేదు. పైన ఎవరో నడుస్తున్నట్టు చప్పుడొస్తుందని వీధంతా భయపెట్టారు. మా అత్తగారు గుమ్మానికి నిమ్మకాయలు కట్టించారు. నేను టార్చిలైటు పట్టుకుని అటక ఎక్కి చూశాను. పందికొక్కులు. బోను పెట్టించాక చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంట్లోనే మా అబ్బాయి పుట్టాడు, నడక నేర్చాడు, మాకు ఏ ఇబ్బందీ రాలేదు. దయ్యాల మాటెత్తితే నేను చెప్పే కథ చాలా ఏళ్ళు ఇదొక్కటే.

మాకు గూడెం బజార్లో స్టీలు సామాన్ల షాపుంది. మావారూ నేనూ ఇద్దరం కూర్చుంటాం. ఆయన లెక్కలు చూసుకుంటారు, నేను బేరాలు చూసుకుంటాను. పూజలూ పునస్కారాలూ అందరిళ్ళలో ఉన్నట్టే ఉంటాయి తప్ప, దిష్టి తీయించుకోవడాలూ, తాయెత్తులూ నాకు పడవు.

రెండేళ్ళ కిందట గణపవరంలో మా ఆడపడుచు గారి గృహప్రవేశానికి స్కూటీ మీద బయల్దేరాను. మా వైపు రోడ్ల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చేపల లారీల్లోంచి ఐసు నీళ్ళు కారుతూ పోతాయి. మలుపులో ఆ తడి మీద బండి జారింది. పెద్ద దెబ్బేం కాదు, చీర కూడా చిరగలేదు. కాకపోతే పడేటప్పుడు కుడి పాదం నేలకి ఆని ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం పక్కకి తిరిగింది. మోకాలి లోపల ఏదో పుటుక్కుమంది. ఆ చప్పుడు నాకు వినపడింది.

లేచి, దులుపుకుని, గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యేసరికి మోకాలు ఉబ్బిపోయి మడత పడలేదు.

వాపు కొన్నాళ్ళకి తగ్గింది. బెణుకే అనుకున్నాం. కానీ కాలు నా మాట వినడం మానేసింది. నేల మీద తిన్నగా నడిస్తే ఏమీ ఉండేది కాదు. కొంచెం పక్కకి తిరిగితే చాలు, మోకాలు ఎవరిదో అన్నట్టు జారిపోయేది. షాపులో పై అరలో గంగాళం అందుకుందామని స్టూలెక్కి, దిగుతూ దిగుతూ కుక్కర్ల వరస మీద పడ్డాను. కొనడానికి వచ్చినవాళ్ళే లేపి కూర్చోబెట్టారు. ఆ రోజు మావారు ఇక ఊరుకోలేదు.

ఏలూరులో ఎముకల డాక్టరుగారు స్కానింగు తీయించి, బొమ్మ వేసి మరీ చెప్పారు. మోకాలి లోపల తాడులాంటి లిగమెంటు ఒకటి ఉంటుందట, తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచేది అదేనట. నాది పూర్తిగా తెగిపోయింది. దానంతట అది అతుక్కోదు. తొడ వెనక నుంచి సన్నటి కండ తాడు ఒకటి తీసి, ఎముకలో దారి చేసి, కొత్త లిగమెంటుగా బిగించాలి. పెద్ద కోత ఉండదు, చిన్న చిన్న కన్నాల్లోంచి కెమెరా పెట్టి చేస్తారు. నడుముకి మత్తిస్తారు, మెలకువగానే ఉంటాను.

అంతవరకూ నేను ఆసుపత్రిలో పడుకున్నది కాన్పుకే, అది కూడా మామూలు కాన్పే. కాబట్టి చేరేటప్పుడు వాళ్ళు అడిగిన ప్రశ్నలకి టకటకా చెప్పేశాను. షుగరు లేదు. బీపీ లేదు. ఏ మందైనా పడకపోవడం లాంటిది ఉందా అని సిస్టర్ అడిగితే, లేదండీ అన్నాను. నాకు తెలిసినంతవరకూ అది నిజమే. తెలిసి చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు కూడా. మా అమ్మ నా ఎనిమిదో క్లాసులో పోయింది. నాన్నగారు పోయి కూడా కొన్నేళ్ళయింది. నేను ఒక్కదాన్నే సంతానం.

ఇక ఆ ఉదయం సంగతి.

బయట అందరూ టిఫిన్లు తినే వేళ నన్ను స్ట్రెచర్ మీద పై అంతస్తుకి తీసుకెళ్ళారు. థియేటర్ పక్కన ఒక చిన్న గది ఉంది. ఆపరేషన్‌కి వెళ్ళబోయేవాళ్ళని అక్కడ కాసేపు ఉంచుతారు. మావారిని తలుపు దగ్గరే ఆపేశారు. గదిలో నేను తప్ప వేరే పేషెంటు లేరు. ఎడమచేతికి సెలైను, ఒంటి మీద ఆకుపచ్చ గౌను, దుప్పటేమో మోకాళ్ళ దాకానే ఉంది. ఏసీకి పాదాలు గడ్డకట్టుకుపోతున్నాయి. సిస్టర్ రాగానే చెబుదామనుకున్నాను.

ఒక విషయం ఇక్కడ గట్టిగా చెప్పాలి. అప్పటికి నాకు మత్తు ఇవ్వలేదు. నిద్రమాత్ర కూడా ఇవ్వలేదు. తర్వాత మావారు ఈ సంగతి డాక్టరుగారిని ప్రత్యేకంగా అడిగారు. సెలైనులో ఉన్నది ఉత్త సెలైనేనన్నారు.

ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయేమో. బొద్దుగా, చామనఛాయగా ఉంది. చిలకపచ్చ నూలుచీర కట్టుకుంది, జుట్టు ముడి వేసుకుంది. ఆసుపత్రి మనిషిలా లేదు. ఎవరో పేషెంటు తాలూకు మనిషి దారి తప్పి వచ్చిందనుకున్నాను. తిన్నగా నా కాళ్ళ దగ్గరికి వచ్చి, రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు గరుకుగా ఉన్నాయి. వెచ్చగా కూడా ఉన్నాయి.

"కాళ్ళు ఇంత చల్లబడిపోయినియ్యేంటే," అని దుప్పటి కిందికి లాగి పాదాలు కప్పేసి, అంచులు మడిచి కింద దోపింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"శెట్టిగారి పాపవి కదూ?" అంది.

బజార్లో మావారిని అందరూ శెట్టిగారనే పిలుస్తారు. మా షాపు తెలిసినావిడేమో అనుకుని తలూపాను. నలభై ఏళ్ళ దాన్ని పట్టుకుని పాప అంటుంటే నవ్వొచ్చింది కూడా.

"ఆ సూదిమందు నీకు పడదని వీళ్ళకి చెప్పావా?"

"ఏ సూదిమందండీ? నాకు అలాంటివేం లేవండి. అన్నీ అడిగే రాసుకున్నారు."

"నీకేం తెలుసు. నువ్వప్పుడు ఇంతున్నావు," అని చేత్తో స్టూలంత ఎత్తు చూపించింది.

నాకు కొంచెం విసుగేసింది. అసలే భయంగా ఉంది, ఈవిడ ఎవర్నో చూసి ఎవరో అనుకుంటోంది. "మీరు పొరబడ్డారేమోనండీ, మాది తాడేపల్లిగూడెం," అన్నాను.

ఆవిడ నవ్వింది. తల పక్కకి వంచి నవ్వినప్పుడు ఎడమచెవి కనిపించింది. తమ్మె కింది దాకా తెగి రెండు ముక్కలుగా వేలాడుతోంది. పాత దెబ్బే, ఎప్పుడో మానిపోయింది. కుడిచెవికి మాత్రం బంగారు దిద్దు ఉంది.

"సరేలే, నేనే చెప్తాను," అని లేచి, దుప్పటి మీంచి నా పాదాల్ని ఒకసారి తట్టి, వెళ్ళిపోయింది.

అంతే. భయమనిపించలేదు. గాలి చల్లబడటం, లైట్లు ఆరిపోవడం లాంటివేవీ జరగలేదు. పాదాలు వెచ్చబడ్డాయి, ఎవరో పెద్దావిడ, మంచి మనిషి అనుకున్నాను.

కాసేపటికి సిస్టర్ వచ్చింది. చిన్నపిల్ల, చురుకైంది. వస్తూనే మందలిస్తున్నట్టు, "ఏంటండీ, చిన్నప్పుడు ఇంజక్షన్ పడక నీలంగా అయిపోయారటగా? అడిగినప్పుడు లేదన్నారేంటండీ మీరు?" అంది.

"ఎవరు చెప్పారండీ?"

"మీ పెద్దమ్మగారు. ఇప్పుడే తలుపు దగ్గరికి వచ్చి చెప్పారు. డాక్టరుగారికి చెప్పేశాను."

వెనకాలే మత్తు డాక్టరుగారు వచ్చారు. ఏ ఇంజక్షను, ఎప్పుడు జరిగింది, ఏమైంది అని అడిగారు. నాకేమీ తెలీదండీ అన్నాను. ఆ పెద్దావిడని పిలుచుకురమ్మని సిస్టర్‌ని పంపారు. సిస్టర్ వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చింది. వరండాలో మావారొక్కరే కూర్చున్నారు. ఆయన ఎవర్నీ చూడలేదన్నారు.

ఆ పెద్దావిడ మాట కొట్టిపారేయలేదు డాక్టరుగారు. దానికి నేను ఆ డాక్టరమ్మకి జన్మంతా రుణపడి ఉంటాను. "మనిషి దొరక్కపోతే పోనీ. మాటొకటి వచ్చింది కదా, చూసుకునే ముందుకెళ్దాం," అన్నారు. ఆపరేషన్‌కి ముందు చీము పట్టకుండా ఒక మందు నరంలోకి ఎక్కిస్తారు. ఆ మందే ఒక్క చుక్క మోచేతి కింద చర్మంలోకి వేసి, అక్కడే నిలబడి చూశారు.

ముందు దోమ కుట్టినట్టు చిన్న దద్దురు లేచింది. చూస్తుండగానే పెద్దదైంది. చుట్టూ ఎర్రగా పాకింది. మోచెయ్యి దాటి దురద పైకెక్కింది, పెదవులు మందంగా అనిపించాయి. వెంటనే దానికి విరుగుడు ఇచ్చారు. నా పక్క నుంచి కదల్లేదు వాళ్ళు. గంట తిరిగేసరికి అంతా సర్దుకుంది. కానీ ఆ పూటకి ఆపరేషన్ ఆపేశారు, మర్నాడు వేరే మందుతో చేద్దామన్నారు.

గదికి తెచ్చాక మత్తు డాక్టరుగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క చుక్కకే ఇలా ఉంది. పూర్తి డోసు నరంలోకి వెళ్ళి ఉంటే..." అని, అక్కడితో ఆపేశారు. లేదని చెప్పినవాళ్ళకి ఈ పరీక్ష మామూలుగా చెయ్యరట.

ఆవిడ వెళ్ళాక మావారు మంచం పక్కన కూర్చుని, "మనకి పెద్దమ్మ ఎవరే?" అన్నారు.

ఎవరూ లేరు. మా అమ్మే వాళ్ళింట్లో పెద్దది. మా నాన్నగారికి అన్నలు లేరు. అప్పుడు ఆయనకి గదిలో జరిగింది మొదట్నుంచీ చెప్పాను. చీర రంగు, స్టూలు, తెగిన చెవి, అన్నీ. ఆయన లెక్కల మనిషి. లేచి సిస్టర్ దగ్గరికి వెళ్ళి అడిగారు. ఆ అమ్మాయి చెప్పింది నా మాటకి సరిపోయింది. బొద్దుగా ఉన్నారండీ, పచ్చ చీర, లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడి, పాపకి ఆ సూదిమందు పడదమ్మా, నీలంగా అయిపోద్ది, డాక్టరుగారికి చెప్పు అన్నారు అంది. "సూదిమందు అన్నారండీ. మా అమ్మమ్మ పోయాక ఆ మాట ఎవరి నోటా వినలేదు. అందుకే గుర్తుంది," అని కూడా అంది.

ఆ అంతస్తులో లిఫ్టు దగ్గరా, మెట్ల దగ్గరా కెమెరాలున్నాయి. మావారు బతిమాలితే చూపించారు. ఆ పొద్దున పైకి వచ్చినవాళ్ళలో చిలకపచ్చ చీర మనిషి లేదు. వెనకవైపు సామాన్లు తెచ్చే దారి ఒకటుందట, దానికి కెమెరా లేదట. కాబట్టి అటు నుంచి వచ్చి ఉండొచ్చు. నేను కాదనను. చూసింది చూసినట్టే చెబుతున్నాను.

మర్నాడు మళ్ళీ అదే గదిలో ఉంచారు. నేను స్టూలు వంకే చూస్తూ పడుకున్నాను. ఎవరూ రాలేదు. ఈసారి దుప్పటి సిస్టరే కప్పింది.

నడుముకి మత్తు ఎక్కాక కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. ముందర గుడ్డ అడ్డం కట్టారు. డ్రిల్లు చప్పుడు వినిపించింది, అచ్చం మా షాపు పక్కన గ్రిల్స్ చేసేవాళ్ళ దగ్గర వచ్చే చప్పుడే. ఎముకల డాక్టరుగారు మధ్యలో తెర నావైపు తిప్పి, ఇదిగోనమ్మా మీ కొత్త లిగమెంటు అని చూపించారు. నీళ్ళలో తెల్లటి తాడు బిగిసి కనిపించింది. నా ఒంట్లోదే ఒకచోటు నుంచి తీసి ఇంకోచోట కట్టారు కదా అనుకుంటే కళ్ళు చెమర్చాయి. భయంతో కాదు. నా చుట్టూ ఇంతమంది నిలబడి, నన్ను మళ్ళీ సరిగ్గా నడిపించాలని ఎంత ఓపిగ్గా పనిచేస్తున్నారో కదా అనిపించి.

తర్వాతి రోజులు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి తెలుసు. మొదటి వారం నరకం. కాలికి పొడుగాటి పట్టీ, చేతిలో వాకరు, బాత్రూముకి కూడా ఒకరి సాయం కావాలి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కాలితో నొక్కమనేవాడు ఫిజియోథెరపీ అతను. చిన్నపిల్లలు కూడా చేసే పని. నాకేమో తొడ కండ కదలడానికే చెమటలు పట్టేవి. మా అత్తగారు ఎనభై దాటిన మనిషి, పక్కన కూర్చుని, "ఇంకొక్కసారమ్మా, ఇంకొక్కసారి," అని నా చేత చేయించేవారు.

అప్పుడే మా పిన్ని నన్ను చూడటానికి చింతలపూడి నుంచి వచ్చింది. అమ్మ చెల్లెలు. అమ్మ తరఫున మిగిలింది ఆవిడొక్కతే. అక్కడ కొడుకు పామాయిల్ తోట చూసుకుంటూ ఉంటుంది, ప్రయాణాలు తక్కువ. ఫోన్‌లో ఇవేవీ చెప్పలేదు మేము.

కాఫీలు తాగుతుంటే, "పిన్నీ, చిన్నప్పుడు నాకేదైనా ఇంజక్షన్ పడలేదా?" అని మాత్రం అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ మొహం మారిపోయింది.

"నీకెవరు చెప్పారే? ఆ మాట ఎత్తొద్దని మీ అమ్మ మా అందరి చేతా ఒట్టేయించుకుంది."

అప్పుడు తెలిసింది. నేను పుట్టిన కొత్తల్లో నాన్నగారు కొల్లేటి సరస్సు మధ్యలో ఒక లంక ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు పెట్టుకుని ఉండేవారట. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకి ఇష్టమో కాదో తెలియదు. అక్కడ ఉన్నామని తెలుసు గానీ, నాకు ఊహ తెలిసేసరికే గూడెం వచ్చేశాం. ఇది జరిగేనాటికి నేను తప్పటడుగులు వేస్తున్నానట. వానాకాలం. నాకు జ్వరం తగిలింది. నాన్నగారు సరుకు కోసం ఏలూరు వెళ్ళారు. ఊళ్ళో మందులిచ్చే ఆయన వచ్చి ఇంజక్షన్ చేశాడు. చేసిన కాసేపటికే పెదాలు నీలంగా అయిపోయి, ఊపిరి అందక కొట్టుకున్నానట. ఆయన చేతులెత్తేశాడు. అమ్మ కొయ్యబారిపోయింది. సాయానికని ఆ ఊరు వచ్చి ఉన్న మా పిన్నికి అప్పటికి పదిహేనేళ్ళు, ఏడవడం తప్ప ఏం చెయ్యాలో తెలియలేదు.

"పక్కింటి నాంచారమ్మ పరిగెత్తుకొచ్చింది. చేపలు పట్టేవాళ్ళు. నిన్ను అమ్మ ఒళ్ళోంచి లాక్కుని, తాటి దోనెలో కూర్చుంది. మొగుడు గెడ వేస్తుంటే, నిన్ను భుజాన నిటారుగా పట్టుకుని, వీపు రుద్దుతూ, దారంతా నీతో మాట్లాడుతూనే ఉంది. మీ అమ్మా నేనూ వెనకాల కూర్చున్నాం. గట్టున చేపల లారీ కనిపిస్తే అడ్డం నిలబడి ఆపింది. ఏలూరు ఆసుపత్రిలో దింపేదాకా నిన్ను మాకు ఇవ్వలేదు."

పిన్ని గ్లాసు కింద పెట్టింది.

"కొట్టుకుంటూ కొట్టుకుంటూ, నువ్వు దాని చెవి దిద్దు పట్టుకుని లాగేశావు. తమ్మె తెగిపోయింది. రవికంతా రక్తం. అయినా వదల్లేదు. తర్వాత ఊళ్ళో అందరికీ ఆ చెవి చూపించి, ఇది శెట్టిగారి పాప చేసిన సంతకం అని నవ్వేది."

మావారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. చెవి సంగతి ఆయనకి ఆసుపత్రిలోనే చెప్పాను. పిన్నికి ఎవరం చెప్పలేదు. ఆయన నావైపు చూశారు. 

ఆ సంఘటన అయిన ఏడాదే నాన్నగారు కొట్టు ఎత్తేసి గూడెం వచ్చేశారట. అమ్మకి ఆ రోజు తలుచుకుంటేనే వణుకట. అందుకే ఎవర్నీ ఆ మాట ఎత్తనివ్వలేదు. నాకు చిన్నప్పుడు ఏ జ్వరమొచ్చినా నాన్నగారు మాత్రలే ఇప్పించేవారు, సూది వేస్తానంటే డాక్టర్లతో గొడవపడేవారు. ఆయనకి సూదంటే భయమని నేను ఏడిపించేదాన్ని.

నాంచారమ్మ ఇప్పుడెక్కడుంది అని అడిగాను. చాలా ఏళ్ళ కిందటే పోయిందని విన్నానంది పిన్ని.

మత్తు డాక్టరుగారితో తర్వాత కూడా నేను ధైర్యంగా మాట్లాడగలిగేదాన్ని. రివ్యూకి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పసితనంలో చూసినవి మనసు అడుగున ఎక్కడో ఉండిపోతాయమ్మా, ఆపరేషన్ భయానికి అవి పైకి వచ్చి ఉంటాయి అన్నారు. నాకూ అదే సబబుగా తోచింది. నేను అలాంటి వివరణలే కోరుకునేదాన్ని. తెగిన చెవీ, శెట్టిగారి పాప అన్న పిలుపూ నా లోపలివే కావచ్చు.

"మరి సిస్టర్‌కి చెప్పింది ఎవరండీ?" అన్నాను.

ఆవిడ నా ఫైలు మూసి, "అది నాకూ తెలీదమ్మా," అన్నారు.

కాలు బాగా కుదిరింది. వాకరు పోయి, చేతికర్ర పోయి, మెట్లెక్కడం వచ్చింది. చలికాలం మొదలయ్యాక మావారు కారు తీశారు. పెదపాడు మీదుగా కొల్లేరు వైపు వెళ్ళాం. రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులే. పిన్ని చెప్పిన దోనెల దారి ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాం. ఇప్పుడు ఆ ఊరికి కారు ఇంటి ముందు దాకా వెళ్తుంది.

నాంచారమ్మ కూతురు దుర్గమ్మ గారు అక్కడే ఉన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటారు. చెరువు గట్టు పక్కన చిన్న డాబా. వాకిట్లో కూర్చుని వల కుడుతున్నారు. ఫలానా అని చెప్పగానే గుర్తుపట్టారు.

"శెట్టిగారి పాపా? మీరా? మా అమ్మ మీ కథ చెప్పని రోజు లేదండీ," అని లేచి, వద్దన్నా వినకుండా కుర్చీలు తుడిచి వేశారు.

తెచ్చిన చీరా పళ్ళూ చేతిలో పెట్టి, అప్పుడు జరిగినదానికి ఇన్నేళ్ళూ రాలేకపోయాం, మాకు తెలియదు అన్నాను. ఆ తర్వాత ఆసుపత్రి సంగతి చెప్పాను. చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. బాధపడతారేమోనని భయం. కానీ దాచుకోవడానికి అది నా ఒక్కదాని సొత్తు కాదనిపించింది.

ఆవిడ వల ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నారు.

"మా అమ్మ ఒంటరిగా ఏలూరెప్పుడూ వెళ్ళలేదండీ," అన్నారు. ఒళ్ళో వల సర్దుకుంటూ, "మాకెవరికీ కలలో కూడా కనబడలేదండీ," అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పారు.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదండీ, ఎంత ఆలోచించినా అర్థం కాలేదు, నేను ఇలాంటివి నమ్మేదాన్ని కూడా కాదు అన్నాను. ఇవాళ్టికీ అంతకంటే చెప్పగలిగింది నా దగ్గర లేదు.

ఆవిడ ఎలా జరిగిందని అడగలేదు. వాళ్ళింట్లో నాంచారమ్మది ఒక్క ఫొటో ఉండేదట. ఒక ఏడు ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు తడిసి పాడైపోయిందట. బాగున్నప్పటి మొహం మర్చిపోతున్నానండీ, అదే నా బాధ అన్నారు. మేం బయల్దేరుతుంటే కారు దాకా వచ్చి, కిటికీ పట్టుకుని నిలబడ్డారు.

"పోయేముందు కడుపులో జబ్బు చేసి చిక్కిపోయిందండీ. ఎముకలే మిగిలాయి. ఎప్పుడు తలుచుకున్నా ఆ మొహమే కనబడుద్ది నాకు. మీకెలా కనబడిందండీ? మరీ నీరసంగా ఉందా?"

"లేదండీ. బొద్దుగా ఉన్నారు. జుట్టు నల్లగానే ఉంది, ముడేసుకున్నారు. చేతులు వెచ్చగా ఉన్నాయి. తల పక్కకి వంచి నవ్వారు."

"అవునండీ, అలాగే నవ్వుద్ది," అని దుర్గమ్మ గారు పైట చెంగుతో కళ్ళొత్తుకున్నారు. "అయితే ఇప్పుడు బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉన్నారండీ," అన్నాను.